తోడేలు వేటకు వేళ: స్మృతుల సాక్ష్యము, శబ్దముల సాక్ష్యము

దండి తన కావ్యాదర్శమున మహాకావ్యమునకు విధించిన వర్ణనములలో వేట లేదు. అయినను తెలుగు ప్రబంధకవులకు వేటపట్టు మిక్కిలి ప్రియమైనది. పెద్దన స్వరోచిని, ధూర్జటి తిన్నని అడవికి పంపిరి. ఈ కావ్యములందలి వేటకు వేళ యొకటి స్థిరపడియున్నది. వేకువనే పయనము, ప్రొద్దెక్కుకొలది మృగములను తఱుముట, మిట్టమధ్యాహ్నమున నీటిచెంత విశ్రాంతి. శాకుంతలము ద్వితీయాంకమున విదూషకుడు గొణుగుకొనుటయు ఈ దినచర్యను గూర్చియే. తెల్లవాఱకమునుపే వేటకాండ్ర కోలాహలము తన నిద్ర చెఱచుచున్నదనియు, నడుమధ్యాహ్నమున నీడ పలుచనైన యడవులలో తిరుగవలసివచ్చుచున్నదనియు నతని మొఱ. రాజుల వేట యేవేళ మొదలై యేవేళ ముగియునో తెలుసుకొనుటకు ఇంతకంటె చక్కని సాక్ష్యము దొరకదు.

ఈ వర్ణనములలో పందికి, లేడికి, పులికి, ఎలుగునకు తగిన చోటు కలదు. తోడేలు పేరు వచ్చినను జంతువుల పట్టికలో నొకటిగా వచ్చి పోవుటయే గాని, దానినే వెదకుచు పోయిన రాజు కానరాడు. కారణములు స్పష్టములే. దాని మాంసము తినదగినది కాదు. దానిని చంపుటలో పులిని చంపినంత కీర్తి లేదు. అంతకంటె ముఖ్యమైన కారణము వేళకు సంబంధించినది. రాజు అడవిని చుట్టుముట్టి కేకలు వేయించు పగటివేళ తోడేలు ఆ యడవిలో నుండదు. భారతదేశపు తోడేలు దట్టమైన యడవుల జంతువు కాదు; పొదలు, గడ్డిబీళ్ళు, మెట్టచేలు గల బయలు దాని నెలవు. పగలు నీడపట్టున పరుండి, సందెవేళ లేచి, రేయి తిరిగి, తెల్లవాఱుచుండగా మరల పండుకొను జంతువు. రాజు దినచర్యకును దాని దినచర్యకును పొత్తు కుదరలేదు.

కావున తోడేలును వేటాడుటకు ఏ వేళ తగినదన్న ప్రశ్నకు సమాధానము మృగయావర్ణనములలో వెదకిన లాభము లేదు. గొఱ్ఱెలు పోయినవారి తగవులలో వెదకవలెను; అనగా ధర్మశాస్త్రములలో.

మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున స్వామిపాలవివాదమను ప్రకరణము కలదు. పశువుల యజమానునికిని కాపరికిని వచ్చు తగవులు దాని విషయము. అందు మొదటనే కాలవిభాగము చేయబడినది. పగలు పశువులకు కలిగిన కీడునకు కాపరి జవాబుదారి. రాత్రి యవి యజమానుని యింట నున్నచో యజమానుడే జవాబుదారి. కొన్ని శ్లోకముల తరువాత తోడేలు ప్రత్యక్షమగును. మేకలను, గొఱ్ఱెలను తోడేళ్ళు చుట్టుకొనినపుడు కాపరి అడ్డుపడక యుండినచో, చచ్చిన ప్రతి జీవమునకును దోష మతనిదే. అతడు మందను కూడగట్టి మేపుచుండగా తోడేలు హఠాత్తుగా పైకెగిరి యొకదానిని చంపినచో అతని దోషము లేదు. యాజ్ఞవల్క్యుడు ఇదే విషయమును మఱియొక కొసనుండి పట్టుకొనెను: ఉదయమున తనకు అప్పగింపబడిన పశువులను కాపరి సాయంకాలమున అట్లే తిరిగి యప్పగింపవలెను. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను ఆశ్రయించి, 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయము రచించెను. న్యాయశాస్త్రము తెలుగు పద్యములలోనికి వచ్చినది దానితోనే.

ఈ విధులను ఒకచోట చేర్చి చూచినచో ఒక సంగతి తేటపడును. పగటి బాధ్యత యొకరిది, రాత్రి బాధ్యత యొకరిది. ఆ బాధ్యత చేతులు మారు గడియ సందెవేళ. మంద యింకను దారిలో నున్నది. కాపరి దృష్టి ముందునడచు వానిమీద నుండును. కుంటివి, చూలువి, పిల్లలు వెనుకబడును. ధూళి లేచి కన్ను కప్పును. తోడేలు పగటి నిద్ర చాలించి లేచు వేళయు నదే. శాస్త్రకారుడు తోడేలు వచ్చు గడియను పేర్కొనలేదు, నిజమే. కాని అప్పగింతకు సాయంకాలమును నిర్ణయించుటలోనే ఆ గడియ యందలి యపాయము ఎఱిగిన లోకానుభవము దాగియున్నదని యూహించుట అనుచితము కాదు.

అర్థశాస్త్రము వేటను రెండు చోట్ల రెండు విధములుగా చూచుచున్నది. ఎనిమిదవ యధికరణమున వేట రాజవ్యసనము. అచ్చటనే దాని గుణములును చెప్పబడినవి: వ్యాయామము, కొవ్వు తగ్గుట, కదలు గుఱిని కొట్టు నేర్పు, కోపముననో భయముననో నున్న మృగముల చిత్తమెఱుగుట. శాకుంతలమున సేనాపతి చేయు ప్రశంస దాదాపు ఇదే. రెండవ యధికరణమున గోవులను గూర్చి చెప్పు సందర్భమున వేట వినోదము కాదు, కొలువు. వేటకాండ్రును, కుక్కలను పెంచువారును ముందుగా పోయి దొంగల భయము, క్రూరమృగముల భయము తొలగించిన యడవిలో, ఋతువులను బట్టి విభజించిన చోట్ల, కాపరులు పశువులను మేపవలెను. బెదరు పశువుల మెడలకు గంటలు కట్టవలెను. పాములును మృగములును బెదరిపోవుట కొకటి, పశువు ఎచ్చట మేయుచున్నదో తెలియుట కొకటి. కంటికి ఆనని పశువు జాడ చెవికి తెలియుటకే ఈ గంట. దానిని కట్టుమనిన గ్రంథకర్తకు సందెచీకటిలోని మంద సంగతి తెలియకపోలేదు. సోమేశ్వరుని మానసోల్లాసమున, 12వ శతాబ్ది నాటికి, కుక్కల వేట మరల వినోదముల పట్టికలో చేరినది. కాపరి కుక్కకు ఆ పట్టికలో చోటు లేదు.

శాస్త్రములకంటె పూర్వమైన ఋగ్వేదమున తోడేలు తిన్నగా సంధ్యలతోను రాత్రితోను ముడివడియున్నది. పదియవ మండలమందలి రాత్రిసూక్తమున (10.127) ఊళ్ళన్నియు విశ్రమించిన పిమ్మట ఋషి రాత్రిదేవిని వేడుకొనునది రెండింటిని తొలగింపుమనియే: ఆడతోడేలును మగతోడేలును ఒకటి, దొంగ యింకొకటి. అర్థశాస్త్రమునను దొంగయు క్రూరమృగమును జంటగానే వచ్చుట పైన చూచితిమిగదా యని పాఠకుడు తలచుకొనును. ఆ సూక్తము ముగియుచు తన స్తోత్రమును మందవలె తోలుకొని వచ్చి రాత్రికి సమర్పించినట్లు ఋషి చెప్పుకొనును. సాయంకాలపు అప్పగింత అప్పటికే కవితలో ఉపమానమైనది.

అశ్వినీదేవతల సూక్తములందు తోడేలు నోటబడిన వర్తికను, అనగా పూరేడుపిట్టను, వారు విడిపించిన కథ పలుమాఱులు స్మరింపబడినది (1.112, 1.117, 10.39). యాస్కుడు నిరుక్తము పంచమాధ్యాయమున ఈ కథను విప్పిన తీరు గమనింపదగినది. పూరేడు ఉషస్సు, దానిని పట్టిన వృకము ఆదిత్యుడు. ఆ ప్రకరణమునందే, ఎఱ్ఱని వృకము దారిని పోవు తన్ను చూచెనని చెప్పు మంత్రమున (1.105.18) వృకమునకు చంద్రుడని యర్థము చెప్పెను. పదపాఠకారుడు శాకల్యుడు ‘మా’, ‘సకృత్’ అని రెండు పదములుగా విఱిచినదానిని యాస్కుడు ‘మాసకృత్’ అని యొకే పదముగా గ్రహించి, మాసములను చేయువాడు కావున చంద్రుడనెను. పదమును విఱుచుటలోని యీ భేదము వలన త్రోవను పోవు మనిషి ఒకమాఱు తోడేలు కంటబడిన భయము, ఆకసమున నెల లెక్కించు చంద్రుని స్తుతిగా మాఱిపోయినది. శాకల్యుని పాఠమే సహజమని తోచుచున్నది. కాని వృకశబ్దమునకు యాస్కుడు చెప్పిన వ్యుత్పత్తులలో జ్యోతిస్సు, అనగా వెలుగు, మాటిమాటికి వచ్చుట ఊరక పోనిచ్చునది కాదు. ప్రాచీనుల తలపులో తోడేలు చీకటివెలుగుల సరిహద్దున తిరుగు జంతువు.

దీనికి గ్రీకుభాషలో వింతయైన తోడు కలదు. ఆ భాషలో సంధ్యకు ‘లికోఫోస్’ అని పేరు. విన్నవారికి తోడేటి వెలుగని తోచును, ఏలయన ‘లికోస్’ అనగా తోడేలు. కాని ఇలియడ్ నందలి ‘అంఫిలికే’ మొదలైన ప్రాచీనశబ్దములను బట్టి చూచినచో అందలి మొదటి భాగము వెలుగును తెలుపు వేఱొక ధాతువని భాషావేత్తల మతము. ఇక్కడ యాస్కుడు తోడేటిలో వెలుగును చూచెను. అక్కడ లోకము వెలుగులో తోడేటిని చూచెను. ఫ్రెంచివారు ఇంకొక మెట్టు దిగి, సందెవేళను కుక్కకును తోడేటికిని నడిమి వేళ యందురు. ఆ వేళ కనబడునది ఇంటి కుక్కయో, బయలి తోడేలో తెలియదని యర్థము. లాటినునందును ఇట్టి వాడుక యుండెను.

తెలుగున సందెకు ఇట్టి పేరు లేదు. మందలను బట్టి వచ్చిన పేరు మాత్రము కలదు. గోధూళివేళ సంస్కృతసమాసమే యైనను పల్లెపట్టుల వాడుకలోనిది. సంస్కృతమున పగటిని ఐదు భాగములు చేసి చెప్పునపుడు రెండవదానికి సంగవమని పేరు. ఆవులు పాలు పితుకుటకు ఒకచోట కూడు వేళ. కాలమునకు గడియారము మంద. పొద్దుపొడుపు, పొద్దుగూకు అనునవి సూర్యుని బట్టి వచ్చినవి. మునిమాపు అనునది మాపునకు ముందుకొసను, రేపకడ రేపటి పట్టును తెలుపును. రేపు అను మాట మొదట ప్రాతఃకాలమునకు పేరై, తరువాత మఱునాటికి పేరైనది. అసురసంధ్య యను మాటలో ఆ వేళయెడ గల భీతి యింకను వినబడును. పిల్లలను ఆ వేళ వాకిట విడువరాదను పెద్దల కట్టడికి దయ్యములే కారణమని చెప్పుట వాడుక. బయలుసీమల పల్లెలలో ఆ కట్టడికి నాలుగుకాళ్ళ కారణమును ఉండియుండును.

జంతువు పేరును గూర్చి కొంత చెప్పవలసియున్నది. తోడేలు అను మాటను ‘తోడు’ అను మాటతో ముడిపెట్టి, గుంపుగా తిరుగునది యని వ్యుత్పత్తి చెప్పుట ఆకర్షకముగ నుండును గాని నిలువదు. కన్నడమున దీనికి ‘తోళ’ యని పేరు. తెలుగు ‘ఏడు’నకు కన్నడ ‘ఏళు’, తెలుగు ‘కోడి’కి కన్నడ ‘కోళి’ సరియైనట్లే, తోడేటి మొదటి భాగమునకు తోళ సరిపోవుచున్నది. కావున ఇది సోదరభాషతో పంచుకొన్న పాత పేరు. తమిళమున ‘ఓనాయ్’ అను పేరులో నాయ్, అనగా కుక్క, కలదు. హిందీ ‘భేడియా’ భేడ్, అనగా గొఱ్ఱె, నుండి వచ్చినది. తినుదానికి తినబడుదాని పేరే పెట్టబడినది. సైక్సు అను ఆంగ్లేయుడు 1831లో దక్కను తోడేటికి శాస్త్రీయనామమిచ్చి వర్ణించెను. స్టెర్ండేలు 1884లో ప్రకటించిన జంతుశాస్త్రగ్రంథమున దేశభాషానామములను ఇచ్చుచు తెలుగు పేరు ‘తోరలు’ అని వ్రాసెను. ఆంగ్లేయుని చెవికి డకారము రేఫగా వినబడుటచే పుట్టిన ఈ రూపము తెలుగువాడెవ్వడును పలికినది కాదు. ఇట్టి రూపములను నిఘంటువుల కెక్కించుటకు ముందు పల్లెలో నొకమాఱు అడిగి చూచుట మేలు.

అమరకోశము వృకమునకు కోకము, ఈహామృగము అను పర్యాయములు చెప్పినది. కోకమనగా చక్రవాకమును కూడ. ప్రొద్దు క్రుంకుటతోడనే జంటకు ఎడబాటు కలుగునని కవులు చెప్పు జక్కవపక్షి పేరును, ఆ గడియకే లేచు తోడేటి పేరును ఒకటియగుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని సంధ్యావర్ణనములో ఈ శబ్దము వచ్చినచోట వ్యాఖ్యాత తొందరపడరాదు. తెలుగున తోడేలు, రేచుకుక్క, దుమ్ములగొండి, నక్క అను నాలుగింటికి వేఱువేఱు పేళ్ళున్నవి. వీని వేళలును వేఱు. రేచుకుక్క అడవిలో పగటివెలుగున గుంపుగా వేటాడును. దుమ్ములగొండి నడిరేయి యెముకలు వెదకుకొనును. సంస్కృతగ్రంథమున జంతువు పేరు సందేహాస్పదమైనచోట అది వచ్చిన వేళను చూచుట మంచి సహాయము. అనువాదకులు ఈ సహాయమును తగినంతగా వాడుకొనలేదు. ఇంకొక దిక్కున, ఈసపు కథలోని కాపరిపిల్లవాడు తోడేలు వచ్చెనని కేక వేయగా, అదే కథ తెలుగు బాలుర నోట ‘నాన్నా! పులి’ అయినది. మంద చెంతకు పగటిపూట పులి వచ్చుట అరుదు. కథ చెప్పినవారు వేళను మఱచి భయమును పెంచిరి.

ఇక వేట సంగతి. సందెలు రెండు. రెంటను తోడేలు నడకమీద నుండును. రెంటను చూపు సగమే యానును. ఆ రెండును వేటగానికి సమానములని తోచును గాని కావు. మాపటి సందెలో గడియ గడియకు వెలుగు తఱుగును. కనబడినది కుక్కయో తోడేలో తెలియక వేచినకొలది సందేహము పెరుగును. తోడేలు ఆకలితో పయనమైనది. దాని ముందు రాత్రియంతయు నున్నది. దెబ్బ తగిలి పాఱినచో చీకటిలో వెదకరాదు. వేకువ సందెలో వెలుగు పెరుగుచుండును. సందేహము గలచోట ఊపిరి బిగపట్టి కొంతసేపు ఆగినచో సందేహము తీరును. తోడేలు కడుపు నిండి, పరుండు చోటికి మరలుచుండును. మంచు తడిసిన నేలపై అడుగుజాడలు చెఱగక యుండును. గాయపడినదానిని వెదకుటకు పగలంతయు మిగిలియుండును. మాపటివేళ తోడేటిది, వేకువ వేటగానిది. పూరేడును తోడేలు నోటినుండి విడిపించినవారు వేకువ దేవతలగు అశ్వినులే. ఆడతోడేటికి నూఱు పొట్టేళ్ళను కోసిపెట్టినందుకు తండ్రిచేత గ్రుడ్డివాడైన ఋజ్రాశ్వునకు (1.116, 1.117) చూపునిచ్చినవారును వారే. ఆ ఆడతోడేలే అశ్వినులను పిలిచి యతనికై మొఱపెట్టెనని సూక్తము చెప్పుట అటుంచినను, తోడేటి వలన కలిగిన కీడు తీరు వేళ వేకువయే యన్న భావము ఈ రెండు కథలకును సామాన్యము.

కాపరులు మాత్రము వేకువకై వేచియుండిన మంద మిగులదు. అందుచే వారి పని చంపుట కంటె కాచుట. తెలంగాణమునను రాయలసీమయందును కురుమలు, గొల్లలు గొఱ్ఱెలమందను రైతు చేలో రాత్రులు ఆపుట పూర్వపు ఆచారము. చేనికి ఎరువు, కాపరికి గింజలు. ఇంటి గోడ లేని ఆ మందకు కుక్కలు, నిప్పు, మేలుకొన్న మనిషి, ఇవియే గోడ. మనువు చెప్పిన రాత్రి బాధ్యత యజమానునిదన్న సూత్రము ఇచ్చట వర్తింపదు. ‘అతని యింట నున్నచో’ అను నియమమే యందులకు హేతువు. బయట మంద పెట్టిన కాపరికి పగలు రేయి రెండును తనవే.

పగటివేళ తోడేటిని చంపుటకు ఒక్క విధమే సులభము: దాని గుహకు పోవుట. చలికాలమున పిల్లలు పెట్టినపుడు అవి పరుండు బొఱియను పగలు కనిపెట్టి, పొగ పెట్టియో త్రవ్వియో పిల్లలను తీయవచ్చును. దీనికి చూపు చాలును, నేర్పు అక్కఱలేదు. ఆంగ్లప్రభుత్వము క్రూరమృగముల తలకు బహుమానము ప్రకటించిన కాలమున ఈ పద్ధతికి విలువ వచ్చెను. 1875 మొదలు 1925 వఱకు గల యేబది యేండ్లలో ఈ దేశమున దాదాపు 2,00,000 తోడేళ్ళు చంపబడెనని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్కకట్టెను. ప్రబంధరాజు చూడని తోడేటిని కచేరి గుమాస్తా ఇంతగా లెక్కించెను. ఏ తోడేలు మందమీద పడినదను విచారణ ఈ పద్ధతిలో లేదు. మధ్యాహ్నపు వేటకు అపరాధితో పని లేదు. నేడు ఈ దేశమున మిగిలినవి సుమారు మూడువేలని పరిశోధకుల అంచనా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున తోడేలు మొదటి షెడ్యూలున చేరినది. దానిని వేటాడుట నేరము. మనుష్యప్రాణమునకు అపాయకారియైన జంతువు విషయమున మాత్రము ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వ్రాతపూర్వకమైన యనుమతి నీయవచ్చును. బట్టమేకపిట్టకై 1988లో ఏర్పడిన రోళ్ళపాడు అభయారణ్యపు గడ్డిబీళ్ళలో తోడేళ్ళు ఇంకను తిరుగుచున్నవి.

రాత్రివేటను గూర్చి రామాయణము చెప్పినంత గట్టిగా చెప్పిన గ్రంథము వేఱొకటి లేదు. అయోధ్యాకాండమున దశరథుడు మరణమునకు ముందు కౌసల్యతో చెప్పుకొన్న పాతపాపము అది. యువరాజుగా నుండగా వానకాలమున సరయూతీరమునకు పోయి, నీళ్ళరేవున చీకటిలో పొంచియుండెను. దున్నపోతో, ఏనుగో, మఱియొక క్రూరమృగమో నీళ్ళకు వచ్చునని యాశ. కుండ నిండు చప్పుడు ఏనుగు చప్పుడుగా వినబడెను. బాణము మునికుమారునకు తగిలెను. ఇచ్చట గమనింపదగినది ఒకటి కలదు. దశరథుని గుఱి తప్పలేదు. శబ్దవేధి విద్యలో అతడు కొట్టదలచిన చోటనే కొట్టెను. తప్పినది గుఱుతు. చీకటి విల్లునకు అడ్డుకాలేదు, విచక్షణకు అడ్డైనది. శబ్దవేధిని కవులు గొప్పవిద్యగా పొగడుదురు గాని, వాల్మీకి దానికి చెల్లించవలసిన వెల కూడ చెప్పెను.

ఈ పాతకథ యిటీవలి వృత్తాంతములలో వింతగా మరల కనబడుచున్నది. 1996లో తూర్పు ఉత్తరప్రదేశమున తోడేళ్ళు పలువురు పిల్లలను ఎత్తుకొనిపోయి చంపినపుడు, అవి తోడేళ్ళు కావనియు, మనిషియే రాత్రులు తోడేలై వచ్చుచున్నాడనియు వదంతి పుట్టెను. దానికి ‘మనై’ అని పేరిడిరి. ఊరికి క్రొత్తవారైన మనుష్యులను జనము అనుమానించి కొట్టిరి. చీకటిలో మనిషిని మృగమనుకొన్న దశరథుని పొరపాటే ఊరంతటిదైనది. 2024లో అదే రాష్ట్రమున బహరాయిచి జిల్లా మహసీ ప్రాంతమున ఆరుబయటను, తలుపులు లేని యిండ్లలోను నిద్రించు పిల్లలపై రాత్రులు దాడులు జరిగెను. వేడిని బట్టి ఆకారమును చూపు కెమెరాలను డ్రోన్లకు కట్టి అటవీశాఖవారు వెదకిరి. చీకటి కన్నుగప్పినను ఒంటి వేడిమి దాగదు గదా. కాని తెరపై తెల్లగా కదలు ఆ మచ్చ ఊరకుక్కయో, నక్కయో, తోడేలో, తోడేలే యైనచో పిల్లలను చంపినదో కాదో చెప్పుట ఆ యంత్రమునకు చేతకాలేదు. ఆ యేటి సెప్టెంబరు లోపల ఆరింటిలో ఐదింటిని పట్టితిమని వారు ప్రకటించిరి. అక్టోబరులో ఒకదానిని గ్రామస్థులు రాత్రివేళ కొట్టి చంపిరి. 2025లో ఆ జిల్లాలోనే మఱియొక పట్టున దాడులు మరల మొదలయ్యెను.